అరకు తోవొక్కటే తోవ కాదర్రా

శనారం వస్తే చాలు, విశాఖ బళ్లన్నీ మా కొత్తవలస దాటి ఎస్.కోట మీదుగా అరకు ఎక్కేస్తాయి. మన కుర్రోళ్లదీ అదే తోవ. ఓసారి బండి విజయనగరం వైపు తిప్పండి. అక్కణ్నుంచి 12 కిలోమీటర్లెల్తే రామతీర్థం.

రాముడి గుడి అందరికీ తెలుసు. దండం పెట్టి తిరిగొచ్చేస్తారు. పక్కనున్న గురుభక్తులకొండ ఎక్కినోళ్లెందరు? ఇటుకల్తో కట్టిన స్తూపం, చైత్యాలు, బౌద్ధ భిక్షువులున్న గదుల పునాదులు ఇంకా అక్కడున్నాయి. అంత ఎత్తునెందుకంటే, వానాకాలం మూణ్నెల్లు భిక్షువులు తిరక్కుండా ఒకేచోట ఉండాల. కొండయితే ఊరికి దూరం కాదు, ఊరి గోలా ఉండదు. అటు శాలిహుండం, ఇటు తొట్లకొండ, బావికొండ కూడా కొండల మీదవే కదా.

దుర్గకొండ గుహల్లో జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి, తూర్పు చాళుక్య విమలాదిత్యుడి నాటి శాసనముంది. అంటే వెయ్యేళ్ల కిందట ఇక్కడ జైన గురువులున్నట్టే. ఒక్క ఊళ్లో మూడు మతాలు! ఇలాంటిది ఇంకెక్కడ సూస్తాం?

రెండు కొండల శిథిలాలూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అయినా కాపలా వాళ్లొక్కరి వల్ల అవుద్దా? లవర్ పేరు గీసుకోడానికి ఆ ఇటుకే దొరికిందేటి? పొద్దున్నే ఎక్కండి, నీళ్లు పట్టుకెళ్లండి, ఖాళీ సీసా మళ్లీ కిందకి తెచ్చీండి.