సదోషనాయకుఁడు – ప్రయోజకకర్తృత్వము

కావ్యనాయకుఁడు సర్వగుణసంపన్నుఁడై యుండవలెనని పాఠశాలలయందు బోధించుచున్నారము. ధనంజయుఁడు దశరూపకమున నాయకునకు వినయత్యాగదక్షతాదులను విధించిన మాట నిజమే. కాని యాతఁడే ధీరోద్ధతుని లక్షణములలో దర్పమును, మాత్సర్యమును, మాయను జేర్చెను. యవనాచార్యుఁడగు అరిస్టాటిలు మిక్కిలి సజ్జనుఁడును, కేవల దుర్జనుఁడును గాక, యేదో యొక పొరపాటుచేఁ బతితుఁడగువాఁడే విషాదాంతరూపకమునకుఁ దగిన నాయకుఁడనెను. కావున దోషము నాయకత్వమునకుఁ బ్రతిబంధకము కాదు. దోషియందు మన మనస్సేల లగ్నమగునన్నదే యిచట విచార్యము.

మన వాఙ్మయమున నిందుకు రెండు ప్రసిద్ధోదాహరణములు గలవు. శ్రీనాథుని కాశీఖండమున గుణనిధి జూదరి. తండ్రి యుంగరమును సైతము పరులపాలు చేసినవాఁడు. తల్లి యాతని దోషములను భర్తకుఁ దెలియనీయక కప్పిపుచ్చుచుండును. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ యింకను దుర్వృత్తుఁడు. బుద్ధి చెప్ప వచ్చిన యక్క నగలను గూడ మూటఁగట్టికొని రాత్రికి రాత్రి పలాయితుఁడయ్యెను. ఈ రెండు కథలయందును జదువరి దోషి స్థానమున నిలువఁడు. ఒకచోఁ దల్లి ప్రక్కనుండియు, నొకచో నక్క ప్రక్కనుండియుఁ జూచును. ఆ వాత్సల్యమే మనకును సంక్రమించును.

ఇప్పటి వీడియో ఆటలలో మార్గము వేఱు. గతవేసవిలో మామిడికోఁతల దినములందు, చాట్రాయిలో నా పూర్వశిష్యుఁడొకఁడు కంప్యూటరుపై 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' అను నాటను ఆడుచుండఁగాఁ జూచితిని. 2018లో వెలువడిన యీ యాటలోని కథ 1899 నాఁటి అమెరికాలో జరుగును. నాయకుఁడు ఆర్థర్ మోర్గన్ దోపిడిముఠావాఁడు. అప్పు వసూలుకై యొక రోగిని గొట్టి, ఆతనివలన క్షయరోగమును దెచ్చుకొనును. మరణము సమీపించిన కొలఁది, తాను జెఱిచిన కుటుంబమునకు మేలు సేయఁ గోరును.

"దొంగకథ నీకేలరా?" యని మందలించితిని.

"ఆ రోగిని గొట్టినది నేనే గదండీ, గురువుగారూ! మీట నేనే నొక్కితిని. అందుకే విడువలేకున్నాను" అని యాతఁడు బదులు చెప్పెను.

ఆ మాటలో వ్యాకరణార్థ మున్నది. 'చైత్రుఁడు మైత్రునిచే వండించుచున్నాఁడు' అనుచో వండువాఁడు మైత్రుఁడు, వండించువాఁడు చైత్రుఁడు. పాణిని యట్టి ప్రేరకునకు హేతుసంజ్ఞతోఁబాటు కర్తృసంజ్ఞయుఁ జెప్పెను. అనఁగా చేయించువాఁడును గర్తయే. ఆటలో మోర్గను ప్రయోజ్యుఁడు, ఆడువాఁడు ప్రయోజకుఁడు. కథ యెటు నడవవలెనో ముందే నిర్ణయింపఁబడినను, దెబ్బ తన వ్రేలి కదలికచేతనే పడినది. కావున పశ్చాత్తాపమునందును దనకుఁ బాలు గలదని యాడువాఁడు భావించును. నిర్దోషి నాయకుఁడైనచో నీ పాలు లభింపదు. మెచ్చికొనుట మాత్రమే మిగులును.

క్రౌర్యమును పదేపదే చేయించుటవలన మనస్సు మొద్దుబాఱదా యను నాక్షేపము త్రోసిపుచ్చఁదగినది కాదు. దోషమునకు ఫలము చూపని యాటయందు అది సర్వథా చెల్లును. ఇచట మా ప్రాంతపు చిన్నరసాలే దృష్టాంతము. తోలుపై మచ్చ యున్నంత మాత్రమున రసము చెడదు. లోపలఁ గుళ్లు పట్టినచో నిగనిగలాడు తోలు ప్రయోజనము లేదు. చేసినదానికి నొచ్చుకొను హృదయము మిగిలియున్న నాయకుఁడు మొదటి తెగకుఁ జెందును.

ఆ శిష్యునకు నిగమశర్మోపాఖ్యానమును జెప్పినపుడు, గడువు చాలదని యక్క విలాపమును విడిచి, ఫలశ్రుతితో ముగించితిని. తరింపును జెప్పితిని గాని, యెవరి కన్నీటిమీఁదుగా నాతఁడు నడచెనో చెప్పలేదు. నేను విడిచిన యా భాగమును ఆ బాలునకు నొక యాట బోధింపవలసివచ్చెను. ఇఁకమీఁదట విలాపమునే ముందు చదివింతును.