గోడను కొట్టే బరమా

పిల్లలూ! వడ్రంగి బరమాతో చెక్కకు రంధ్రం వేయడం మీరు చూసే ఉంటారు. చెక్కకు తిప్పితే చాలు. కాంక్రీటు అట్లా లొంగదు. తిప్పుతూనే సుత్తితో కొట్టాలి. ఈ రెండు పనులూ చేసేది రోటరీ హ్యామర్. దాని లోపల పిస్టన్ ఆడుతూ గాలిని నొక్కుతుంది. నలిగిన గాలి లోపలి సుత్తిని ముందుకు తంతుంది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, ఆ తన్ను తెలుస్తుంది.

మా వీధి ఎలక్ట్రీషియన్ బ్యాటరీతో నడిచేది కొనబోతూ వచ్చాడు. "మాస్టారూ, రెండూ 18 వోల్టులే. ఒకదాని ధర ఎక్కువెందుకు?" అన్నాడు. అది అతని మూడు నెలల పొదుపు. నేనూ మొదట వోల్టులే చూసి తికమకపడ్డాను. దెబ్బ బలాన్ని చెప్పేవి జౌళ్లు. కిలో రాయి 20 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడితే, అది దాదాపు 2 జౌళ్ల దెబ్బ. చవకది అంతే కొడుతుంది. ఖరీదైనది 3 జౌళ్లు.

ఇక బ్యాటరీ. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి. చవకదానితో వచ్చేది 18 × 2 = 36 వాట్-అవర్లు. యంత్రం 300 వాట్లు లాగితే ఏడు నిమిషాలే! 5 ఆంపియర్-అవర్లదైతే 90 వాట్-అవర్లు, పద్దెనిమిది నిమిషాలు. బరువు మాత్రం ఎక్కువ. నిచ్చెనమీద చేయి లాగుతుంది.

"నువ్వు వేసే రంధ్రాలెంతవోయ్?" అన్నాను.

"ఆరు, ఎనిమిది మిల్లీమీటర్లు, మాస్టారూ."

వాటికి 2 జౌళ్లు చాలు. చవక యంత్రమే కొని, మిగిలిన డబ్బుతో పెద్ద బ్యాటరీ తీసుకున్నాడు. కంటి అద్దాలు మరచిపోతే మళ్లీ పంపాను.