చలిలో బండి ఎందుకు వణుకుతుంది?

పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ గడగడా వణుకుతుంది, మిస్సింగ్ కొడుతుంది, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది. పది నిమిషాలు నడిచాక ఏమీ ఎరగనట్టు నున్నగా తిరుగుతుంది. చాలామంది "చలికి అంతేలే" అని వదిలేస్తారు. కానీ బగ్ ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం డీబగ్గింగ్ అయినట్టే. "చల్లగా ఉన్నప్పుడు మాత్రమే" అన్న మాటే ఇక్కడ అసలు క్లూ.

పెట్రోలు ద్రవంగా మండదు. ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. పుస్తకం లెక్క ప్రకారం కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి. ఇంజిన్ చల్లగా ఉంటే పోసిన పెట్రోల్లో కొంత ఆవిరి కాకుండా మానిఫోల్డ్ గోడలకీ వాల్వుల వెనకా అంటుకుపోతుంది. అందుకని మొదటి కొన్ని నిమిషాలు కావాలనే ఎక్కువ పొయ్యాలి. ఆయిల్ కూడా చిక్కగా ఉంటుంది కాబట్టి ఐడ్లింగ్ పెంచాలి. వేడెక్కాక 700–850 ఆర్పీఎం సరిపోయే ఇంజిన్‌కి చల్లగా ఉన్నప్పుడు 1200 పైనే కావాలి.

పాతకాలం సినిమాల కోసం ఫిల్మ్‌నగర్ వైపు తెచ్చే అంబాసిడర్, పద్మిని కార్లలో ఈ పని డ్రైవరే చేస్తాడు. అవి కార్బురేటర్ బళ్ళు. 1983లో వచ్చిన మారుతి 800 కూడా మొదట్లో అంతే. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ శబ్దం విని, చోక్ ఎప్పుడు లోపలికి నొక్కాలో డ్రైవరే చూసుకుంటాడు. అంటే ఆ సిస్టంలో సెన్సార్ అతని చెవే.

ఇంజెక్షన్ బళ్ళలో ఆ చెవి స్థానంలోకి ఈసీయూ వచ్చింది. దానికి రెండు మోడ్‌లు. ఇంజిన్ వేడెక్కాక ఎగ్జాస్ట్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ "పెట్రోలు ఎక్కువైంది", "తక్కువైంది" అని చెబుతూ ఉంటే, ఈసీయూ క్షణక్షణం దిద్దుకుంటుంది. ఇది క్లోజ్డ్ లూప్. కానీ ఆ సెన్సార్ సుమారు 300 డిగ్రీలకి వేడెక్కేదాకా పనిచేయదు. అప్పటిదాకా ఈసీయూకి ఫీడ్‌బ్యాక్ ఉండదు, ఒక టేబుల్ చూసి పెట్రోలు పోస్తుంది. ఆ టేబుల్‌కి ముఖ్యమైన కీ కూలెంట్ ఉష్ణోగ్రత. కీ తప్పైతే జవాబూ తప్పే, ఆ టైంలో దిద్దేవాళ్ళు ఎవరూ లేరు.

ఇది నాకు బాగా అర్థమైంది మా బాబాయి కారు వల్ల. పాత పెట్రోల్ కారు, షూటింగ్ యూనిట్లకి రోజు అద్దెకి తిప్పుతాడు. జనవరిలో కృష్ణానగర్ నుంచి పొద్దున్న అయిదింటికి బయల్దేరితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చేరేలోపు రెండుసార్లు ఆగేది. రెండు రోజులు లేటైతే మూడోరోజు ఇంకో బండిని పిలుస్తారు. ఒక షెడ్‌లో పెట్రోల్ పంపు, ఇంజెక్టర్లు మార్చాలన్నారు. ఆ ఖర్చు బాబాయికి చాలా రోజుల అద్దెతో సమానం.

ఓబీడీ స్కానర్ అప్పు తెచ్చి, రాత్రంతా ఆగిన బండికి తెల్లవారుజామున పెట్టాను. ఇంజిన్ ఆన్ చేయకుండా కీ మాత్రం తిప్పి ఫోన్‌లో రీడింగులు చూశాం. లోపలికొచ్చే గాలి 14 డిగ్రీలు. కూలెంట్ 68.

"ఒరేయ్, ఇంజిన్ ముట్టుకుంటే ఐస్‌లా ఉంది. 68 ఏంట్రా?" అన్నాడు బాబాయి. డయాగ్నసిస్ అదే!

రాత్రంతా ఆగిన బండిలో ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే ఉండాలి. సెన్సార్ విప్పి మల్టీమీటర్ పెట్టాం. ఈ రకం సెన్సార్లు మామూలుగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 చూపిస్తాయి. మాది ఆ చలిలో 500 కూడా చూపించలేదు. ఇంజిన్ వేడిగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గించేస్తోంది. నిజంగా వేడెక్కాక ఆ అబద్ధమే నిజమవుతుంది కాబట్టి వణుకు మాయం. చెక్ ఇంజిన్ లైటూ వెలగలేదు, ఎందుకంటే 68 అనేది సాధ్యమైన విలువే. రేంజ్ చెక్ పాసైంది, విలువే తప్పు. కొన్ని వందల రూపాయల సెన్సార్‌తో పని అయిపోయింది.

అయితే అన్ని బళ్ళలోనూ సెన్సారే దోషి కాదు. తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకి ఈ వరసలో చూడండి:

1. చల్లటి ఇంజిన్‌లో గాలి, కూలెంట్ రీడింగులు పోల్చండి. ఖర్చు లేదు.

2. వాక్యూమ్ గొట్టాలు చూడండి. రబ్బరు పగిలితే లెక్కలో లేని గాలి లోపలికెళ్తుంది. "స్స్" అనే శబ్దం వినిపిస్తుంది. కోడ్ వస్తే తరచుగా పి0171 వస్తుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని.

3. థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటే ఐడ్లింగ్‌కి కావాల్సిన గాలి అందదు. దానికోసమే అమ్మే క్లీనర్‌తో తుడిపించండి. కొన్ని బళ్ళకి తర్వాత ఐడిల్ మళ్ళీ నేర్పించాలి.

4. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూడండి. అరిగిన ప్లగ్గు వేడి ఇంజిన్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది, చలిలో దొరికిపోతుంది. పి0300 వస్తే ముందు ఇటు చూడండి.

5. ఇవన్నీ బాగున్నాకే ఇంజెక్టర్లు, పంపు.

ఒక జాగ్రత్త. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ ఆన్‌లో పెట్టి టెస్టులు చేయకండి. చల్లటి ఇంజిన్ వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి వాసన కూడా ఉండదు. బండిని బయటికి తీయండి.

ఇంకో మాట. మనం షెడ్‌కి వెళ్ళేది పదకొండింటికి, అదీ బండి నడుపుకుంటూ. అప్పటికి ఇంజిన్ వేడెక్కి, జబ్బు కనపడకుండా పోతుంది. మెకానిక్ ఎంత మంచివాడైనా లేని లక్షణాన్ని చూడలేడు, ఊహించి పార్టులు మారుస్తాడు. అందుకని బండిని ముందురోజు సాయంత్రమే షెడ్‌లో వదిలెయ్యండి. "రేపు పొద్దున్న మొదటి సెల్ఫ్ మీరే కొట్టండి అన్నా" అని చెప్పి రండి.