లైసెన్సుకు ముందే సంఘం

2008లో అప్పటి మెదక్ జిల్లాలో రెండు సంస్థలు గొంతు విప్పాయి. ఆగస్టులో ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో, దొరికిన గదుల్లో సర్దుకుని, ఐఐటీ హైదరాబాద్ పాఠాలు మొదలుపెట్టింది. అక్టోబరు 15న ఝరాసంగం మండలం మాచునూర్‌లో సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద పలికింది. మొదటిది ఇప్పుడు కందిలో పెద్ద క్యాంపస్. స్టార్టప్‌లకు చోటిచ్చి, డబ్బిచ్చి, దారి చూపే ఇంక్యుబేటర్లు అక్కడ ఉన్నాయి. రెండోదాన్ని దళిత మహిళా రైతులు నడుపుతున్నారు. చిన్న ఊళ్లో టెక్నాలజీ సంస్థ ఎట్లా నిలబడుతుందని ఎవరైనా అడిగితే నేను ముందుగా మాచునూర్ పేరే చెబుతాను.

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద వంద కిలోమీటర్లు వస్తే జహీరాబాద్. అక్కడి నుంచి లోపలికి తిరిగితే ఝరాసంగం. బయటివాళ్లకు ఈ ఊరు కేతకీ సంగమేశ్వరుడి గుడితో తెలుసు. మిగతా చోట్ల శివుడికి మొగలిపువ్వు పెట్టరు, ఇక్కడ ఆ పువ్వుతోనే పూజ. కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం వస్తారు. గుడి దాటితే ఎర్ర చెలకలు, నల్లరేగడి. బోరులో నీళ్లున్నవాళ్లది చెరకు, అల్లం, ఆలుగడ్డ. వానే ఆధారమైనవాళ్లది జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, వాటి మధ్య కంది, పెసర. మాటలో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ సహజంగా కలిసిపోయి వినిపిస్తాయి. ఈ యాస తర్వాత రేడియోకు ఎంత బలమైందో చెప్పాలి. అంతకంటే ముందు గింజల సంగతి.

1983లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన పి.వి. సతీష్ దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు. 2023 మార్చి 19న ఆయన కన్నుమూసేదాకా ఈ పల్లెలే ఆయన లోకం. ఆ సొసైటీ అండతో ఊరూరా పేద ఆడవాళ్లు, ఎక్కువగా దళితులు, సంఘాలు కట్టుకున్నారు. చాలామందివి కూలి బతుకులు. భూమి ఉన్నా రాళ్లూ రప్పలతో బీడుపడ్డ ముక్కే. 1990ల మధ్యలో ఆ బీళ్లను సాగులోకి తేవడానికి వాళ్లు వేసిన లెక్క నాకు ఎంతో తెలివైనదిగా అనిపిస్తుంది. దున్నకానికి, ఎరువు తోలడానికి అప్పిచ్చారు. తిరిగి కట్టేది మాత్రం పైసల్లో కాదు, జొన్నల్లో, కొన్నేళ్ల పాటు విడతలుగా. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండి, కూలి దొరకని నెలల్లో తక్కువ ధరకు పేదిళ్లకు చేరేవి. ఎవరింటికి ఎన్ని ఇవ్వాలో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. బయటి నుంచి వచ్చిన పైసా ఊళ్లో గింజగా మారి, పనిగా మారి, తిండిగా మారి అక్కడే తిరిగింది.

విత్తనాలదీ అదే పద్ధతి. బుట్టకు పేడ, మట్టి కలిపి అలుకుతారు. ఎండిన తర్వాత గింజలు పోసి, పురుగు పట్టకుండా బూడిద, వేపాకు కలుపుతారు. మూతి మీద మళ్లీ మట్టి మెత్తి మూసేస్తారు. పక్కింటామె విత్తనం పట్టుకుపోతే పంట వచ్చాక రెండింతలు తెచ్చిస్తుంది. ఇందులో కాగితం లేదు, వేలిముద్ర లేదు. మాట తప్పితే వచ్చే ఏడు ఎవరి ముఖం చూసి అడగాలన్న ఆలోచనే పూచీ. ఏ సంస్థకైనా మొదటి పెట్టుబడి ఈ పూచీయే అని నా నమ్మకం. మాచునూర్‌కు టెక్నాలజీ రాకముందే అది సమకూడింది.

టెక్నాలజీ మొదట వీడియో కెమెరాగా వచ్చింది, 1990ల చివర్లో. బడి ముఖం చూడని ఆడవాళ్లకు షాట్లు, యాంగిళ్లు నేర్పాలి. వాళ్లు వాటిని తమ బతుకుతో పోల్చి పట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ అరుగు మీద కూర్చుని కింద నిల్చున్నవాళ్లను చూసేది అట్లాగే. ఎదురెదురుగా, కంటికి కన్ను సమంగా ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీదే కూర్చుంటారు. ఒకసారి ఇట్లా తెలిసిన తర్వాత ఎవరిని ఏ ఎత్తు నుంచి తీయాలన్నది వాళ్లకు మర్యాదకు సంబంధించిన విషయమైంది. ఆ ఆడవాళ్లే కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడి వరంగల్ పత్తి చేలకు వెళ్లారు. బీటీ పత్తి వేసిన రైతుల వెంట మూడు పంట కాలాలు తిరిగి, వాళ్ల నష్టాన్ని వాళ్ల నోటితోనే చెప్పించి సినిమా తీశారు. రైతుతో రైతు మాట్లాడినట్టు ఉంటుంది అది.

రేడియో కథ ఇంకా పొడుగు. దాని వెనక ఒక క్రికెట్ తగాదా ఉందంటే ఆశ్చర్యపోవాలి. మ్యాచ్‌లను ఎవరు ప్రసారం చేయాలన్న విషయంలో ప్రభుత్వానికి, బెంగాల్ క్రికెట్ సంఘానికి పేచీ వచ్చి సుప్రీంకోర్టుకు వెళ్లింది. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. ఆ మాటను మాచునూర్ నమ్మింది. యునెస్కో సాయంతో 1990ల చివరికల్లా స్టూడియో సిద్ధమైంది, గొంతులు సిద్ధమయ్యాయి. లైసెన్సు మాత్రం రాలేదు. పల్లె సంస్థలకు రేడియో ఇచ్చే విధానమే దేశంలో లేదు.

ఆ ఖాళీ ఏళ్లే ఈ కథకు గుండెకాయ. పరికరాలున్నాయి, పని తెలుసు, అనుమతి లేదు. ఏ నగరంలో అయినా ఇలాంటి సంస్థ మూతపడేది, మనుషులు వేరే కొలువులు చూసుకునేవాళ్లు. ఇక్కడ ఆడవాళ్లు రికార్డింగులు ఆపలేదు. క్యాసెట్లు చేసి, సంఘం మీటింగులకు మోసుకెళ్లి, టేప్ రికార్డర్‌లో వినిపించారు. విన్నవాళ్లు అక్కడే బాగుందన్నారు, బాగులేదన్నారు, ఈ పాట మా ఊళ్లో వేరేగా పాడతామన్నారు. ప్రసారం మొదలయ్యేనాటికి పాటలూ ముచ్చట్లూ కుప్పగా ఉన్నాయి. వినేవాళ్లకేం కావాలో చెప్పేవాళ్లకు క్షుణ్ణంగా తెలుసు. 2006 నవంబరులో కేంద్రం విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది. రెండేళ్లకు సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఆ జస్టిస్ సావంతే. ఐక్యరాజ్యసమితి గ్రామీణ మహిళా దినోత్సవాన్ని మొట్టమొదట జరిపింది కూడా ఆ రోజునే.

స్టేషన్‌ను నడిపే ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఒకరు అల్గోల్ నర్సమ్మ. ప్రసారం సాయంత్రాలు, చేను పని ముగిసి ఇల్లు చేరే వేళకు. ఏ విత్తనం ఎప్పుడు వేయాలి, పశువుకు రోగం వస్తే ఏ ఆకు, పండుగలకు పాటలు, తైద రొట్టెలు, ఇంటి మందులు. అన్నీ ఇక్కడి యాసలో. పుస్తకాల తెలుగు మాట్లాడే స్టేషన్ నుంచి తమ అత్తమ్మ గొంతు రాదని ఇక్కడి ఆడవాళ్లకు తెలుసు. అందుకే ఈ యాస ఆ స్టేషన్‌కు ఎవరూ కొనలేని ఆస్తి.

కష్టం డబ్బు దగ్గర. కమ్యూనిటీ రేడియోకు మామూలుగా 100 వాట్ల శక్తికి మించి ఇవ్వరు, సొంతంగా వార్తలు చదవనివ్వరు. ప్రకటనలకు మొదట్లో గంటకు 5 నిమిషాలే. 2024 ఫిబ్రవరి నుంచి దాన్ని 12 నిమిషాలు చేశారు, 10 సెకన్ల ప్రభుత్వ ప్రకటనకు ధర 74 రూపాయలుగా పెట్టారు. లెక్క వేయండి. 12 నిమిషాలూ నిండితే గంటకు 5,328 రూపాయలు. నిండటం ఎక్కడిది? పల్లె రేడియోను ప్రకటనల కార్యాలయాలు గుర్తుపెట్టుకోవు. మంచి ఆలోచన, పనిచేసే మనుషులు, నమ్మకమైన శ్రోతలు ఉండి కూడా నెలనెలా ఖర్చుకు తడుముకోవడం చిన్న ఊరి సంస్థల అసలు బాధ. అవార్డులతో అది తీరదు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. వీటన్నిటికీ నాకు గర్వమే. కానీ బిల్లు కట్టాల్సింది ప్రతి నెలా.

ఇదే మండలంలో ఇంకో పెద్ద కథ నడుస్తోంది. జహీరాబాద్‌కు పరిశ్రమలు కొత్త కాదు. 1980ల్లోనే ఆల్విన్, నిస్సాన్ కలిసి ఇక్కడ ట్రక్కులు చేశాయి, తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది, ఇప్పుడు ట్రాక్టర్లు తయారవుతున్నాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల్లో నిమ్జ్ అనే పారిశ్రామిక జోన్ తలపెట్టారు. భూములు పోతాయని రైతులు ఏళ్ల తరబడి అడ్డుచెప్పారు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్‌ను పారిశ్రామిక స్మార్ట్ సిటీగా ఒప్పుకుంది, మొదటి దశకు 3,245 ఎకరాలు, 2,361 కోట్లు. ఇక్కడి పిల్లలకు కొలువులు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఊరి పక్కన ఫ్యాక్టరీ రావడం వేరు, ఊరికి సొంత సంస్థలుండటం వేరు. మొదటిది వచ్చినచోట రెండోదానికి కూడా నాలుగు గదులు, కొంత పెట్టుబడి కేటాయించాలని గట్టిగా అడగాల్సిన సమయం ఇది.

అడగడానికి దూరం పోనక్కర్లేదు. హైవే మీద పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, 1972 నుంచి జొన్న, సజ్జ మీద పరిశోధన చేస్తోంది, వ్యవసాయ స్టార్టప్‌లకు ఇంక్యుబేటర్ కూడా నడిపింది. కందిలో ఐఐటీ. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, దాని న్యూట్రిహబ్. మాచునూర్ ఆడవాళ్ల దగ్గర ఈ సంస్థలు తీసుకుపోవలసిన సమస్య ఒకటి సిద్ధంగా ఉంది. జొన్న, సజ్జ, తైదలను నేరుగా ఇసుర్రాయిలో వేయొచ్చు. కొర్ర, సామ, అరికలకు మాత్రం గట్టి పొట్టు. గింజ సన్నం, బియ్యం మిల్లులో వేస్తే నూక అవుతుంది. అరికలకైతే పొర మీద పొర. రోట్లో దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి, ఆ చాకిరీ అంతా ఆడవాళ్లదే. తినాలని ఉన్నా ఈ పంటలు ఇళ్లలోంచి వెళ్లిపోవడానికి ఇదొక పెద్ద కారణం. పొట్టు తీసే యంత్రాలు మార్కెట్లో లేక కాదు. ఒక ఊరి పంటకు సరిపోయే సైజులో, ఊరి కరెంటుకు తట్టుకునేలా, గింజ విరగకుండా, చెడిపోతే జహీరాబాద్ మెకానిక్ ఆ సాయంత్రమే బాగుచేసేలా ఉన్నది కావాలి. ట్రాక్టర్లు తయారయ్యే ఊళ్లో ఆ పనితనానికి కొదవ లేదు. కంది నుంచి ఓ నలుగురు విద్యార్థులు ఒక కొర్ర పంట కాలం ఇక్కడ ఉండాలి, యంత్రాన్ని సంఘం ఆడవాళ్ల చేతికిచ్చి, వాళ్లు వద్దన్న చోటల్లా మార్చాలి. పని చేస్తుందో లేదో చుట్టుపక్కల ఊళ్లకు చెప్పడానికి రేడియో ఎలాగూ ఉంది.