ఈ వారం ఏం చదువుదాం? ఏం విందాం?

జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర పెద్దలు చెప్పుకునే మాటల్లో ఒక ఫిర్యాదు తరచు వినిపిస్తుంది: "పిల్లలు ఫోను వదలరు, పుస్తకం పట్టరు సాబ్!" ఫిర్యాదు నిజమే. కానీ వారి చేతికి ఏ పుస్తకం ఇచ్చామని అడిగితే మనలో చాలామంది దగ్గర జవాబు ఉండదు.

మన పల్నాడు ఇళ్లల్లో మూడు తరాలకు మూడు లిపులు. దాదాజాన్ ఉర్దూ చదువుతారు. తండ్రికి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం మాత్రం తెలుగే వచ్చు. మనవడికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప మిగతావన్నీ బరువే. తాత దాచిన ఉత్తరం మనవడు చదవలేడు, మనవడి పుస్తకం తాత చదవలేడు. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూకు రెండో అధికార భాష హోదా వచ్చింది. సంతోషమే! అయితే చట్టం గౌరవం ఇవ్వగలదు గాని, ఇంట్లో కూర్చుని అక్షరాలు దిద్దించలేదు కదా. ఇక తెలుగు సంగతికి వస్తే, "అది మన భాష కాదు" అనేవారు ఇంకా ఉన్నారు. అలా అనేవారి కోసమే ఈ వారం మొదటి పుస్తకం.

అది గుర్రం జాషువా 'పిరదౌసి'. జాషువా మన వినుకొండలో 1895లో పుట్టారు. కులం పేరిట అడుగడుగునా అవమానాలు పడ్డ క్రైస్తవ కవి. ఆయన తన కావ్యానికి ఎన్నుకున్న నాయకుడు ఇరాన్‌లోని తూస్ నగరానికి చెందిన ఫిర్దౌసీ. ఆ మహాకవి ముప్పై ఏళ్లకు పైగా శ్రమించి 1010 నాటికి 'షానామా' పూర్తి చేశాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మహమూద్ మాట తప్పి వెండి నాణేలు పంపాడనీ, చివరికి బంగారం పంపేసరికి కవి ప్రాణం పోయిందనీ కథ. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ మనకు తెలుసు. మిరపకోతల కాలంలో కూలి డబ్బు కోసం గడప దగ్గర నిలబడ్డవారినీ చూస్తూనే ఉన్నాం. ఈ కావ్యం చదివాక పిల్లలను ఒక్క మాట అడగండి: సుల్తాను పోగొట్టుకున్నదేమిటి? పద్యాలన్నీ అర్థం కాకపోయినా ఫరవాలేదు. తండ్రి పైకి చదివితే, తల్లి కథ చెప్పవచ్చు.

రెండో పుస్తకం 'పింజారి'. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ ఆత్మకథ ఇది. ఆయన చెప్పుకున్న జీవితాన్ని అంగడాల వెంకటరమణమూర్తి పుస్తకంగా తెచ్చారు. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. 'పింజారి' అనే మాటను చులకనగా వాడేవారి మధ్య పెరిగిన మనిషి, ఆ మాటనే తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. ఇంటిపేరునో, తాతలు చేసిన పనినో చెప్పడానికి నామోషీ పడే మన కుర్రవాళ్లు ఈ పుస్తకం తప్పక చదవాలి.

చదివిన తరువాత వినండి. తంబురా మీటే కథకుడు ఒకరు, గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవారు ఇద్దరు, వారిలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెప్పేవారు. ఇదీ బుర్రకథ. మన కారంపూడి వీరుల కథను, 'పల్నాటి యుద్ధం'గా ఊరూరా వినిపించినవారిలో నాజర్‌ది పెద్ద పేరు. ఆయన కథలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. పిల్లల చేతిలోని ఆ ఫోనుకే ఒక సాయంత్రం ఈ పని అప్పగించండి.

రెండోది షేక్ చినమౌలానా నాదస్వరం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన ఆయన, మన చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర కూడా నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడి 1998లో సంగీత కళానిధి అయ్యారు. సంగీతం విషయంలో మన ఉలమాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వినాలో వద్దో ఎవరి ఇంటి నిర్ణయం వారిది. కాని చిలకలూరిపేట సాయిబుల నాదస్వరం వినడానికి ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు కదిలాయన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

ఇక చూడదగ్గవి. కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. అందులో చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని ప్రతీతి. మన దస్తర్‌ఖాన్ కూడా ఆ మాటే చెబుతుంది. మన విందులకు ఇరుగుపొరుగును పిలిచినప్పుడు వారిని ఆ దస్తర్‌ఖాన్ మీదే కూర్చోబెడుతున్నామా, వేరే బల్ల వేస్తున్నామా? ఆలోచించండి.

మాచర్ల వైపు వెళితే, లాంచీ నడిచే రోజు చూసుకుని నాగార్జునకొండ చూపించండి. సాగర్ నీళ్లు ముంచెత్తుతాయని తెలిసి, 1954 నుంచి కొన్నేళ్లపాటు ఆ లోయను తవ్వారు. దొరికిన శిల్పాలను, శాసనాలను కొండమీదికి చేర్చారు. నీళ్లు రాకముందే పని జరిగింది కాబట్టే అవి దక్కాయి.

మన ఇళ్లల్లోనూ అలాంటి పని ఒకటి మిగిలి ఉంది. నానీ, దాదీ మాట్లాడే దక్కనీ మాటలు, 'నక్కో', 'కైకూ' వంటివి, వారి సామెతలు, లాలిపాటలు ఏ పుస్తకంలోనూ లేనివి ఎన్నో. వచ్చే జుమేరాత్ రాత్రి పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టి పది మాటలు రాయించండి. తెలుగు లిపిలో ఒకసారి, చేతనైతే ఉర్దూలో మరోసారి. 'రైతు', 'జిల్లా', 'ఖరీదు', 'దస్తావేజు' అనే మాటలు తెలుగులోకి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా అప్పుడే చెప్పండి. "అది మన భాష కాదు" అన్న మాటకు జవాబు పిల్లలకే దొరుకుతుంది.

నోటుపుస్తకం మీద నానీ పేరు, ఊరు, తేదీ రాయించడం మరవకండి.