నైట్ షిఫ్టులో మీ కణాలు ఏం చేస్తుంటాయి?

రాత్రి రెండు. మాదాపూర్, రాయదుర్గం అద్దాల భవనాల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అమెరికాలో అది ఆఫీసు టైమ్ మరి! కాల్ మాట్లాడుతున్న కుర్రాడి ఒంట్లోనూ ఓ షిఫ్టు నడుస్తోంది. పేగు లోపలి పొరలో, చర్మంలో, ఎముక మజ్జలో పాత కణాల స్థానంలోకి కొత్తవి వస్తున్నాయి. పేగు పొర అయితే కొద్ది రోజులకే కొత్తదైపోతుంది.

టెస్టింగ్ పాసైతేనే...

ఒక కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏ మొత్తాన్ని కాపీ చేసుకోవాలి. అంటే దాదాపు 600 కోట్ల అక్షరాలు! ఆ తర్వాత 46 క్రోమోజోముల సెట్లు రెండు కణాలకూ సరిగ్గా చేరాలి. ఇంత పనిలో తప్పులు దొర్లకుండా ఉంటాయా? అందుకే మధ్యమధ్యలో తనిఖీలుంటాయి. టెస్టింగ్ పాస్ కాని కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి పంపరు కదా, అలాగన్నమాట. పీ53 అనే ప్రొటీన్ ఇందులో కీలకం. డీఎన్ఏ దెబ్బతింటే విభజన ఆపుతుంది. బాగుచేయలేనంత పాడైతే ఆ కణం తనంతట తానే చచ్చిపోయేలా చేస్తుంది. ఈ కాపలా కూలి, కణం ఆగకుండా పెరిగిపోతే అదే క్యాన్సర్. దాదాపు సగం క్యాన్సర్లలో పీ53 జన్యువు పాడై ఉంటుంది.

మన పోటు నరసింహారావు

అసలు 'ఇక విడిపో' అని కణానికి చెప్పేదెవరు? ఈ చిక్కుముడి విప్పడంలో ఓ తెలుగు శాస్త్రవేత్త పాత్ర ఉంది. పోటు నరసింహారావు 1970లో అమెరికాలో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి, విడిపోతున్న కణాన్ని ఇంకా సిద్ధం కాని కణంతో కలిపేశారు. రెండో కణంలోని క్రోమోజోములు కూడా తొందరపడి ముద్దకట్టాయి! అంటే విడిపోతున్న కణంలోనే ఏదో సంకేతం ఉందన్నమాట. కణ విభజనను నడిపే ముఖ్యమైన అణువుల్ని కనిపెట్టినందుకు 2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు నోబెల్ వచ్చింది.

గడియారం తారుమారైతే

మెదడులో ఓ గడియారం ఉంది, వెలుతురును బట్టి టైమ్ సరిచేసుకుంటుంది. ఒంట్లోని కణాలకూ సొంత గడియారాలున్నాయి. ఎప్పుడు విడిపోవాలి, డీఎన్ఏ రిపేరు ఎప్పుడు చేసుకోవాలి అన్నవాటితో వీటికి సంబంధం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో, మళ్లీ 2019లో రాత్రి షిఫ్టుల్ని 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో పెట్టింది.

కంగారొద్దు. మన మటన్ కూడా ఆ జాబితాలోనే ఉంది! ఆధారాలు ఎంత బలంగా ఉన్నాయో చెప్పే జాబితా అది, ఎవరికి ఎంత ముప్పో చెప్పదు. సిగరెట్ మాత్రం అంతకంటే పైన, 'కచ్చితంగా కారకం' వరుసలో ఉంది. కాబట్టి నైట్ షిఫ్టు బ్రేకులో నిద్ర ఆపుకోవడానికి వెలిగించే సిగరెట్టే ముందు మానాల్సింది.

మీ చేతిలో ఉన్నది

పగలు పడుకునేటప్పుడు గదిని బాగా చీకటి చేసుకోండి. ఒంటి గడియారం కొత్త టైమ్‌కి అలవాటు పడటానికి రోజులు పడుతుంది. వారం వారం మారే రోస్టర్‌తో అది కుదరదు, ఈ సంగతి మేనేజర్‌తో మాట్లాడండి. మూడు వారాలైనా మానని నోటిపుండు, కొత్తగా తగిలే గడ్డ, కారణం లేకుండా తగ్గే బరువు... ఇవి కనిపిస్తే గూగుల్‌ని కాదు, డాక్టర్‌ని అడగండి.