మూతపడే ముందు ఒక్క క్షణం

జీతాల పట్టిక పని ముగించి, మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే ఎక్సెల్ ఫైలు ఆ క్షణమే మూతపడకపోవచ్చు. అందులో ‘వర్క్‌బుక్_బిఫోర్‌క్లోజ్’ అనే మాక్రో (ఫైలులోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం) ఉంటే ముందు అదే నడుస్తుంది. మనం రాసుకున్నదాన్ని బట్టి ఖాళీగా వదిలేసిన గడిని చూపిస్తుంది, తేదీ పేరుతో ఒక నకలు తీసి పెడుతుంది. అందులోని ‘క్యాన్సెల్’కు ‘ట్రూ’ అని విలువ ఇస్తే ఫైలు అసలు మూసుకోదు. పొరపాటున సగం నింపిన పట్టిక పై అధికారికి చేరకుండా ఆపడానికి ఇంతకన్నా మంచి కాపలా లేదు.

చిక్కల్లా వరుసలో ఉంది. ‘మార్పులు సేవ్ చేయాలా?’ అని ఎక్సెల్ అడగకముందే మాక్రో నడిచిపోతుంది. ఆ ప్రశ్న దగ్గర మనసు మార్చుకుని క్యాన్సెల్ నొక్కితే ఫైలు తెరిచే ఉంటుంది, మాక్రో చేసిన పని మాత్రం వెనక్కి రాదు. అందుకే అనుభవజ్ఞులు ఆ ప్రశ్నను మాక్రోలోనే ముందుగా అడిగిస్తారు.

పాత పద్ధతి ‘ఆటో_క్లోజ్’. మనిషి మూస్తేనే అది పలుకుతుంది. మరో మాక్రో మూస్తే తనంతట తాను కదలదు.

మూసేటప్పుడు మాక్రో నడిచే ఈ సౌకర్యాన్ని దొంగలూ వాడారు. 1999 మార్చిలో వ్యాపించిన మెలిస్సా వైరస్, ఒకసారి వర్డ్‌లో చేరాక, మూసే డాక్యుమెంట్లలోకి పాకేది. ఇలాంటి బెడదల వల్ల, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022లో ముందే ఆపేయడం మొదలుపెట్టింది.